పెద్ద డిస్కులు – పాత డాకులు

ద్రాక్షారామములో భీమేశ్వరస్వామివారిని దర్శించినవారికి ఆలయపు గోడలమీదను, స్తంభములమీదను చెక్కిన శాసనములు కనబడకుండ నుండవు. వేంగీ చాళుక్యులును, చాళుక్య చోళులును, వారి సామంతులును, రాణులును, వర్తకులును, సామాన్య గృహస్థులును తామిచ్చిన దానములను అక్కడ రాతిమీద వ్రాయించిరి. అఖండదీపమున కింత, నైవేద్యమున కింత అని లెక్కకట్టి, ఇచ్చినవారి పేరును ఇచ్చిన దినమును చెక్కించిరి. 1923లో ప్రకటింపబడిన దక్షిణ భారత శాసన సంపుటములలో నాలుగవదానియందు ఈ శాసనములు వందల సంఖ్యలో అచ్చయినవి.

ఆ శాసనములనుండి నేటి ప్రసంగమునకు పనికివచ్చు విషయమొకటి కలదు. అది కాలమును లెక్కించు పద్ధతి. మన పంచాంగములో ప్రభవాది సంవత్సరములు అరువది. అరువదియు గడచిన పిమ్మట మరల ప్రభవయే వచ్చును. 1927లో వచ్చినదియు ప్రభవయే, 1987లో వచ్చినదియు ప్రభవయే. “మా బాబు ప్రభవలో పుట్టినాడు” అని మాత్రమే ఎవరైన వ్రాసి పెట్టినచో, ఆ బాబు తాతయో మనుమడో చదువరికి తెలియదు. మన పూర్వులు ఈ చిక్కు నెఱిగినవారే. అందువలననే వారు శాసనములలో శకవర్షమును వ్రాయించిరి. శకవర్షము మొదలునుండి ముందునకు పోవునే గాని వెనుకకు తిరిగి మొదటికి రాదు. ఎంత దూరము లెక్కింపగలమో ఎఱిగి అంతకు తగిన అంకెను వాడుట – ఇదియే ఆ రాళ్లు మనకు చెప్పు పాఠము. ఈ పాఠమును మరచిన యంత్రములు కొన్ని నేడు మన యిండ్లలో బల్లలమీద నున్నవి. వానిని గూర్చియే మేము నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కోనసీమలోను, దాని చుట్టుప్రక్కలను దూరదేశములో నున్న బిడ్డ లేని యిల్లు అరుదు. గల్ఫు దేశములలో నొకరు, అమెరికాలో నొకరు, హైదరాబాదులో నొకరు. వారి పెండ్లిండ్ల వీడియోలు, పిల్లల ఛాయాచిత్రములు, భూముల దస్తావేజుల నకళ్లు, గతించిన పెద్దలు మాటాడుచుండగా పట్టిన చిత్రములు – ఇవన్నియు ఇప్పుడు ఆల్బములలో లేవు, ఇనుప పెట్టెలలో లేవు. హార్డు డిస్కులలో నున్నవి. ఇంటిలోని పాత కంప్యూటరు పాడయినప్పుడు దానిని అమ్మివేసి, లోపలి డిస్కును మాత్రము తీసి గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకొను గృహస్థులను మే మెందఱనో చూచితిమి. అట్టి డిస్కును మరల చదువుటకు సులభసాధనము డాకు. నిలువుగా నొక గాడి యుండి, ఆ గాడిలో డిస్కును దించి, తీగను కంప్యూటరునకు తగిలించు చిన్న పీఠ మది. డాకు అనగా ఓడరేవు. కోటిపల్లి రేవులో పడవ వచ్చి ఆగునట్లు డిస్కు వచ్చి అందులో ఆగును. పేరు చక్కగానే కుదిరినది.

అయితే ఏ రేవులోనైన నిలువదగిన పడవకు పరిమాణ మొకటి యుండును. రేవు పాతది, పడవ క్రొత్తది అయినప్పుడే చిక్కు వచ్చును.

డిస్కు ఎంత పెరిగినదో మొదట మనవి చేయుదుము. 1956లో ఐ.బి.ఎం. సంస్థవారు తయారుచేసిన మొదటి డిస్కు యంత్రములో ఒక్కొక్కటి 24 అంగుళముల వెడల్పుగల 50 పళ్లెము లుండెడివి. అన్నియు కలిసి దాచగలిగినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడొక్క పెండ్లి ఛాయాచిత్రమే అంత చోటు నాక్రమించును. 2007 నాటికి అరచేతిలో పట్టు డిస్కు ఒక టెరాబైటు, అనగా లక్ష కోట్ల బైట్లు దాచునదైనది. ఒక బైటు ఇంగ్లీషు అక్షరమొక్కదానికి సరిపోవు చోటు. మాటాడుటలో టెరాబైటును టీబీ అందురు. 2010లో 3 టీబీ డిస్కు అంగడికి వచ్చినది. నేడు 20 టీబీకి మించినవియు దొరకుచున్నవి. వెలుపలి కొలతలు మాత్రము మారలేదు. మూడున్నర అంగుళముల డిస్కు నాడెంతయో నేడును అంతయే. గాడి అదే, మొలలు అవే. కావున 2008, 2010 ప్రాంతములలో కొన్న డాకులో నేటి 8 టీబీ డిస్కు చక్కగా దిగును. దిగినంత మాత్రమున పనిచేయునని తలచుటయే ఈ విషయములోని ప్రధానమైన భ్రమ.

డాకు లోపల నున్నది రెండు భాషలు తెలిసిన చిన్న చిప్పు. డిస్కు మాటాడు భాష సాటా, కంప్యూటరు వైపు తీగ మాటాడు భాష యూఎస్‌బీ. ఒకరిమాట ఒకరికి తెలియదు. నడుమ నుండి ఈ చిప్పు ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పును. పూర్వము కుంఫిణీ దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీ లుండెడివారు గదా, ఈ చిప్పు పని కూడ అట్టిదే. దుబాసీకి ఎంతవరకు లెక్క వచ్చునో అంతవరకే బేరము సాగును.

ఆ లెక్క యేమిటో చూతము. డిస్కును చిన్న చిన్న గదులుగా విభజింతురు. సామాన్యముగా ఒక్కొక్క గదిలో 512 బైట్లు పట్టును. ప్రతి గదికిని ఒక సంఖ్య యుండును. “ఫలానా సంఖ్యగల గదిలోనిది తెమ్ము” అని కంప్యూటరు అడుగును, దుబాసీ ఆ సంఖ్యను డిస్కునకు చెప్పును. ఈ సంఖ్యను వ్రాయుటకు పాత దుబాసీలవద్ద 32 స్థానములు గల చీటి మాత్రమే యున్నది. ఒక్కొక్క స్థానములో సున్నయో ఒకటియో వ్రాయవచ్చును. 32 స్థానములలో వ్రాయదగిన సంఖ్యలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. దీనిని 512 చేత హెచ్చించినచో వచ్చునది సుమారు 2,19,902 కోట్ల బైట్లు, అనగా 2.2 టీబీ. ఇదియే పాత డాకుల సరిహద్దు. దీనిని దాటిన గదికి వారి చీటిలో సంఖ్య లేదు.

ఇట్టి సరిహద్దు వచ్చుట ఇదియే మొదలు కాదు. అంతకు పూర్వము డిస్కులే తమ గదులను 28 స్థానములతో లెక్కించెడివి. అప్పటి హద్దు 137 గిగాబైట్లు, అనగా వాడుకలో 137 జీబీ. 2002 ప్రాంతమున దానిని 48 స్థానములకు పెంచిరి. 512 బైట్ల గదులతో ఆ లెక్క 1,44,115 టీబీ వరకు పోవును. కనుక డిస్కు వైపు ఇప్పట్లో భయము లేదు. భయమంతయు నడుమనున్న దుబాసీ విషయముననే.

32 స్థానముల దుబాసీ యెదుట 3 టీబీ డిస్కును నిలిపినచో ఏమగును? ప్రభవాది సంవత్సరముల కైనట్లే అగును. లెక్క హద్దు దాటగానే మరల మొదటికి వచ్చును. 3 టీబీ డిస్కులో నున్నవి సుమారు 3,00,059 కోట్ల బైట్లు. అందులోనుండి 2,19,902 కోట్లు పోగా మిగులునవి 80,157 కోట్లు. కంప్యూటరు తన కొలతలో దానిని 746 జీబీ అని చూపును. 4 టీబీ డిస్కు నుంచినచో 1,678 జీబీ, అనగా 1.63 టీబీ అని చూపును. మీ పెద్ద డిస్కు ఎదుట ఈ అంకెలు కనబడినచో డిస్కు చెడిపోయినదని దిగులుపడకుడు. దుబాసీకి లెక్క రాలేదని గ్రహింపుడు.

ఇచట చిన్న హెచ్చరిక. 4 టీబీ డిస్కును సరియైన డాకులో పెట్టినను విండోసు కంప్యూటరు 3.63 అనియే చూపును. 3 టీబీ డిస్కును 2.72 అని చూపును. ఇది లోపము కాదు. డిస్కు చేసినవారు వేయికి వేయిగా లెక్కింతురు, కంప్యూటరు 1,024కు 1,024గా లెక్కించును. ఒకే ధాన్యమును రెండు ఊళ్ల కుంచములతో కొలిచినట్టిదే ఇది. గింజ యొక్కటియు తగ్గలేదు. 4 టీబీకి 3.63 అన్నచో క్షేమము, 1.63 అన్నచో ప్రమాదము. ఈ రెండంకెలను గోడమీద వ్రాసి యుంచుకొన్నను తప్పు లేదు.

ప్రమాదమని యేల అనుచున్నామో వివరింతుము. డిస్కు మొదటి గదులలో పుస్తకమునకు విషయసూచిక వలె ఒక పట్టిక యుండును. ఏ భాగ మెక్కడ మొదలై ఎక్కడ ముగియునో అందుండును. ఆ పట్టికలోని లెక్క నాలుగు టీబీలకు, దుబాసీ చెప్పిన లెక్క 1.63కు. రెండును పొసగవు. అప్పుడు కంప్యూటరు, “ఈ డిస్కును ఫార్మాటు చేయుదునా?” అని మర్యాదగా అడుగును. ఆ మర్యాదయే కొంపముంచును. ఔనన్నచో పాత పట్టిక పోయి క్రొత్త పట్టిక పడును. లోపలి చిత్రములు వెంటనే చెరిగిపోకున్నను వానిని చేరు దారి పోవును.

మా యొద్దకు వచ్చిన యొక యింటివారి సంగతి చెప్పుదుము. దుబాయిలో నున్న కుమారుడు అక్క పెండ్లి వీడియోలు, నాయనమ్మ చివరిసారి ఇంటిల్లిపాదికి కథలు చెప్పుచుండగా తీసిన చిత్రములు ఒక 4 టీబీ డిస్కులో ఉంచి, సెలవులలో తెచ్చి యిచ్చి వెళ్లినాడు. ఇంట పాత డాకు ఉన్నది. కాలేజీలో చదువు చిన్న కుమారుడు డిస్కును అందులో నిలిపినాడు. 1.63 అని కనబడినది, ఫార్మాటు ప్రశ్న వచ్చినది. వాడు ఔనను బొత్తాముపై వ్రేలు పెట్టబోవుచుండగా తల్లి చూచి, “ఆగరా నాన్నా! అడిగిందానికల్లా ఔననేస్తావా? ముందు తెలిసినవాళ్లని కనుక్కుందాం” అని ఆపినది. ఆమెకు బైట్ల లెక్క తెలియదు. తెలియని కాగితముమీద వ్రేలిముద్ర వేయరాదని మాత్రము తెలియును. ఆ డిస్కును మేము 64 స్థానముల లెక్క తెలిసిన డాకులో నిలిపితిమి. పెండ్లి యంతయు ఉన్నది. నాయనమ్మ కంఠము వినబడగానే ఆ తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనినది. ఆమె ఆనాడు ఒక్క నిమిషము ఆగకున్నచో అంతటి పని యొక్క బొత్తాముతో అయిపోయెడిది.

ఇంతకంటె దొంగతనముగా కీడుచేయు డాకు లింకొక రకమున్నవి. ఇవి పరిమాణమును సరిగానే చూపును, వ్రాయునప్పుడు మాత్రము పాత చీటినే వాడును. డిస్కు 2.2 టీబీ నిండువరకు అంతయు సవ్యముగా నడచును. ఆ హద్దు దాటి వ్రాసినది డిస్కు మొదటికి వచ్చి, అక్కడ ముందే యున్న పట్టికమీదను, చిత్రములమీదను పడును. ఒక పెండ్లిచిత్రముల పనివా డిట్లు సంవత్సరముల తరబడి తీసిన వీడియోలను ఒకే డిస్కులో నింపుచు వచ్చినాడు. ఒకనాడు డిస్కు తెరుచుకొనలేదు. అప్పటికి అతడు మొదటి సంవత్సరములలో తీసిన పెండ్లిండ్లు చెరిగిపోయినవి. అందులో నొక వధువు తండ్రి అటుపిమ్మట గతించినాడు. ఆయన అప్పగింతల వేళ మాటాడిన మాటలు వేరెక్కడను లేవు. కనుక పరిమాణము సరిగా కనబడినంతమాత్రమున పరీక్ష ముగిసినదని తలంపరాదు.

పరీక్షించు విధము సులభమే. క్రొత్తగా కొన్న ఖాళీ డిస్కును ముందు డాకులో నిలిపి పరిమాణము చూడవలెను. పిమ్మట దానిని చివరివరకు నింపవలెను. ఇందుకై ఉచితముగా దొరకు చిన్న పరీక్షా ప్రోగ్రాములు కలవు. అవి డిస్కు నిండ గుర్తులు వ్రాసి, మరల మొదటినుండి చదివి, వ్రాసినది వ్రాసినట్లున్నదో లేదో చెప్పును. పెద్ద డిస్కునకు ఇది ఒక దినమంతయు పట్టవచ్చును, అంతకు మించియు పట్టవచ్చును. పట్టనీయుడు. క్రొత్త బిందెను కొన్నవారు నీరు పోసి చూడక గంగాళములో పాలు నింపరు గదా. ఈ పరీక్ష ఖాళీ డిస్కుమీదనే చేయవలెను. లోపల వస్తువున్న డిస్కుమీద ఎన్నడును చేయరాదు.

డాకు మంచిదైనను కంప్యూటరు వైపునుండి ఇదే సరిహద్దు రావచ్చును. ఇంతకుముందు చెప్పిన మొదటి పట్టిక రెండు రకములు. పాతది ఎం.బి.ఆర్. ఇది 1983 నాటిది. అందులోని గదుల లెక్కకు కూడ 32 స్థానములే, కనుక దాని హద్దును 2.2 టీబీయే. క్రొత్తది జి.పి.టి. దానిలో 64 స్థానము లున్నవి. 2 టీబీకి మించిన డిస్కును మొట్టమొదట సిద్ధముచేయునప్పుడు కంప్యూటరు ఈ రెండింటిలో ఏది కావలయునని అడుగును. జి.పి.టి. అనియే చెప్పవలెను. విండోసులో విస్టా మొదలుకొని తరువాత వచ్చినవన్నియు దీనిని చదువును. ఇంకను ఎవరియింటనైన పాత ఎక్స్‌పీ కంప్యూటరున్నచో, సామాన్యముగా నున్న 32 బిట్ల ఎక్స్‌పీకి ఇది తెలియదు. దానికి చిన్న డిస్కులనే ఇచ్చుట మేలు.

ఎక్స్‌పీ కాలమున కొందరు డాకుల తయారీదారులు ఉపాయమొకటి పన్నిరి. చీటిలోని స్థానములు పెంచుటకు మారుగా గదిని పెద్దది చేసిరి. డిస్కులోని 512 బైట్ల గదులు ఎనిమిదింటిని కలిపి 4,096 బైట్ల గది యొక్కటిగా దుబాసీ కంప్యూటరునకు చెప్పును. అప్పుడు అదే 32 స్థానముల చీటితో సుమారు 17.6 టీబీ వరకు లెక్కింపవచ్చును. ఉపాయము తెలివైనదే, కాని దానికి వెనుకవచ్చు చిక్కొకటి కలదు. ఆ డాకులో సిద్ధముచేసిన డిస్కును తీసి నేరుగా కంప్యూటరు లోపల బిగించినచో, లేదా వేరొక డాకులో నిలిపినచో, అక్కడ గది 512 బైట్లే. పట్టికలో 100వ గది అని యున్నచో, అది పెద్ద గదుల లెక్కలో నూఱవదో చిన్న గదుల లెక్కలో నూఱవదో తెలియదు. డిస్కు ఖాళీగా నున్నట్లు కనబడును, మరల అదే ఫార్మాటు ప్రశ్న వచ్చును.

మందు ఒక్కటే: డిస్కును మొదట సిద్ధముచేసిన డాకులోనే మరల నిలుపుట. లోపలి వస్తువు లన్నియు కనబడును. వానిని వేరొక డిస్కులోనికి ఎత్తిపెట్టుకొని, పిమ్మట మొదటి డిస్కును క్రొత్త డాకులో మొదటినుండి సిద్ధము చేసుకొనవలెను. అందువలన డిస్కుల మార్పిడి పూర్తి కాకుండ పాత డాకును పాత సామానులవానికి వేయరాదని మా మనవి. ఇట్లే కొన్ని పెట్టెలలో అమ్మబడు డిస్కులు ఆ పెట్టెలోని చిప్పు రహస్యలిపిలో వ్రాసినవై యుండును. పెట్టె పగులగొట్టి డిస్కును తీసి డాకులో నిలిపినచో అక్షరము కూడ చదువరాదు. పెట్టె చిప్పు చెడిపోక ముందే, పెట్టెద్వారానే నకలు తీసికొనవలెను.

ఇక విద్యుత్తు సంగతి. ల్యాపుటాపులలోని రెండున్నర అంగుళముల డిస్కునకు 5 వోల్టులు చాలును. మూడున్నర అంగుళముల పెద్ద డిస్కునకు 5 వోల్టులతో బాటు 12 వోల్టులును కావలెను. లోపలి పళ్లెములు కదలి వేగమందుకొను తరుణమున అది 12 వోల్టుల దారిలో సుమారు రెండు ఆంపియర్ల వరకు లాగును. డాకుతో వచ్చిన అడాప్టరు పోగొట్టుకొని, ఇంటిలోనున్న వేరొక అడాప్టరును మొన సరిపోయినదని తగిలించువారు కలరు. అది బలహీనమైనదైనచో డిస్కు లేవబోయి పడుచు, లేవబోయి పడుచు టక్కుటక్కుమని శబ్దము చేయును. అప్పుడు డిస్కును నిందింపక అడాప్టరుమీది అంకెలను చదువవలెను. వోల్టులు సరిగా అంతే యుండవలెను. ఆంపియర్లు మొదటిదాని కంటె తక్కువ కారాదు, ఎక్కువైనను దోషము లేదు.

డిస్కు అసలు కదలకుండుటకు వేరొక కారణమును కలదు. సాటా విద్యుత్తు మొలలలో మూడవది పూర్వము 3.3 వోల్టులకై కేటాయింపబడినది. 2016లో వచ్చిన నిబంధనలలో ఆ మొలకు క్రొత్త పని యిచ్చిరి. ఆ మొలలో విద్యుత్తున్నంతవరకు డిస్కు నిద్రలో నుండవలెనని అర్థము. పెద్ద కార్యాలయముల యంత్రములలో దూరమునుండి డిస్కును ఆపి మరల లేపుటకై చేసిన యేర్పా టిది. ఆ మొలకు ఎడతెగక 3.3 వోల్టులు ఇచ్చు పాత డాకులో ఇట్టి క్రొత్త డిస్కును నిలిపినచో అది నిద్ర లేవదు. డిస్కు చచ్చినదని యజమాని కొన్నవానితో తగవు పెట్టుకొనును. వేరొక డాకులో నొకసారి నిలిపి చూచిన పిమ్మటనే తగవునకు పోవుట న్యాయము.

అంగడిలో డాకు కొనువారు పెట్టెమీద “8 టీబీ వరకు”, “16 టీబీ వరకు” అను మాటలు చూచి మావద్దకు వచ్చి, 20 టీబీ డిస్కు అందులో పనిచేయునా అని అడుగుచుందురు. ఇందులో సూక్ష్మమొకటి కలదు. “2 టీబీ వరకు” అని వ్రాసియున్నచో అది తరచుగా నిజమైన సరిహద్దు. దుబాసీ లెక్క అంతటితో ఆగినదని అర్థము. 8 అనియో 16 అనియో వ్రాసినచో చాలవరకు అది డాకు తయారైననాడు అంగడిలో దొరకిన పెద్ద డిస్కు పేరు మాత్రమే. తయారీదారు తాను పరీక్షించినంతవరకు హామీ యిచ్చినాడు. 32 స్థానముల గోడ దాటిన దుబాసీకి 8 ఎంతయో 20యు అంతే. అయినను హామీ లేనిదానిని నమ్మి ఇంటి జ్ఞాపకములను అప్పగింపరాదు. పైన చెప్పిన నిండు పరీక్ష చేసి నమ్మవలెను. తయారీదారు తన చిప్పునకు సవరణ ప్రకటించినచో అది వేయించుకొనవచ్చును. కాని సవరణ వేయునప్పుడు గాడిలో డిస్కు ఉంచరాదు.

రెండు గాడుల డాకులలో కంప్యూటరుతో పనిలేకయే ఒక డిస్కునుండి మరొకదానికి నకలు తీయు బొత్తాము ఉండును. ఇది చాల ఉపయోగకరము, చాల ప్రమాదకరము. ఏ గాడి మూలము, ఏ గాడి నకలు అనునది డాకుమీద వ్రాసియుండును. తారుమారైనచో ఖాళీ డిస్కు నకలు నిండు డిస్కుమీద పడి, ఉన్నది పోవును. నకలు డిస్కు మూలముతో సమానముగనో పెద్దదిగనో ఉండవలెను. బొత్తాము నొక్కుటకు ముందు ఇంటిలో మరొకరిని పిలిచి, గాడుల పేర్లను పైకి చదివించి వినుట మంచి యలవాటు. ఇద్దరి కన్నులు పడినచోట పొరపాటు తక్కువ.

డాకు ఎంత మంచిదైనను ఒకే డిస్కులో ఉన్న వస్తువు ఉన్నదన్న నమ్మకము లేదు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడును, 1996 నవంబరులో తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడును ఇండ్లలో నున్నవారికి, నీరు కాగితమును ఏమి చేయునో వేరుగా చెప్పనక్కరలేదు. డిస్కు కాగితము కంటె గట్టిది కాదు. అది క్రిందపడినను చెడును, పిడుగుపాటు వేళ తీగలో నున్నను చెడును, ఏమియు కాకున్నను కాలక్రమమున చెడును. కావున నకలు రెండు డిస్కులలో నుండవలెను. ఒకటి ఇంటనున్నచో రెండవది వేరొక ఊరిలో, అక్కగారి యింటనో అన్నగారి యింటనో ఉండవలెను. సంవత్సరమునకొకసారి, ఉగాదికో సంక్రాంతికో, రెండింటిని డాకులో నిలిపి తెరచి చూడవలెను. వాని వెంట చీటి యొకటి యుంచవలెను. డిస్కు పరిమాణ మెంత, ఏ డాకులో సిద్ధము చేసినది, పట్టిక ఎం.బి.ఆరో జి.పి.టి.యో, ఏ సంవత్సరమున కొన్నది – ఈ నాలుగును వ్రాసిన చాలును. పది సంవత్సరముల పిమ్మట ఆ డిస్కును తీయువారు మీ మనుమలైనను కావచ్చును. ఆ చీటి లేనిచో వారు తెరమీది ప్రశ్నకు ఏమని జవాబు చెప్పవలెనో తెలియక నిలుతురు.

చివరిగా గృహిణులకును, పిల్లలకును ఒక్క మాట. డిస్కు తిరుగుచున్నప్పుడు దానిని గాడిలోనుండి లాగకుడు. ముందు కంప్యూటరుతో విడుదల చేయుమని చెప్పి, పళ్లెములు ఆగినవరకు తాళి తీయుడు. డిస్కు వేడెక్కునట్లు గుడ్డ కప్పకుడు. తెరమీద పరిమాణము తప్పుగా కనబడినను, ఫార్మాటు చేయుదునా అని అడిగినను, ఇనిషియలైజు చేయుదునా అని అడిగినను, మొదటి జవాబు “వద్దు” అనియే యుండవలెను. వద్దన్నవారికి నష్ట మేమియు రాదు. డిస్కును తీసి, డాకుమీద వ్రాసినది చదివి, మరొక డాకులో నిలిపి చూచుటకు ఎప్పుడును వ్యవధి యుండును. ఔనన్న తరువాత ఆ వ్యవధి మిగులదు.